లోపలున్నది ఓనరే

ఆ ఆదివారం ఉదయం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. అద్దెకిచ్చిన ఫ్లాటుకి వెళ్ళాలి, బాత్రూం తలుపు గడియ బాగుచెయ్యాలి, ఎవరికీ తెలియకుండా తిరిగొచ్చి షాపులో కూర్చోవాలి. ఎవరికీ అంటే ముఖ్యంగా భార్యకి.

"ఇంత పొద్దున్నే ఎక్కడికండీ?" అంది ఆవిడ టీ గ్లాసు అందిస్తూ.

"హోల్‌సేల్ దుకాణానికి. కొత్త ఫ్రేములొచ్చాయట."

"వెళ్ళిరండి. ఆ ఫ్లాటు వైపు మాత్రం వెళ్ళకండి. గడియకి వడ్రంగిని పిలుస్తానని నాకు మాటిచ్చారు."

"నాకు గుర్తులేదనుకున్నావా?" అన్నాడాయన చొక్కా జేబు తడుముకుంటూ. జేబులో కళ్ళజోళ్ళు బిగించే సన్నటి స్క్రూడ్రైవరూ, చిట్టి స్క్రూల డబ్బీ ఉన్నాయి.

ఆవిడ భయానికి కారణం ఉంది. కిందటిసారి ఆయన అదే ఫ్లాటులో కుళాయి వాషరు మార్చబోతే, కింది వాటావాళ్ళ సోఫా తడిసింది. ఆ సోఫా ఎప్పుడో ఆరిపోయింది గానీ, ఆవిడ మాటల్లో ఇంకా నీళ్ళోడుతూనే ఉంది.

వాళ్ళ కాపురం ఆయన తండ్రి ఇచ్చిన షాపు వెనక రెండు గదుల్లో. జనం ముక్కులకి కళ్ళజోళ్ళు తగిలిస్తూ ఆయన ఏళ్ళ తరబడి కూడబెట్టి, చాలనిదానికి బ్యాంకు లోను తీసుకుని ఆ ఫ్లాటు కొన్నాడు. అప్పటినుంచీ వీధిలో అందరూ ఆయన్ని ఆస్తిపరుడిగా చూడసాగారు. అద్దె మాత్రం ఆయన దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చి, మర్నాడే బ్యాంకుకి కాపురానికి వెళ్ళిపోయేది. ఫోను మోగి అద్దెకున్నవాళ్ళ నంబరు కనిపిస్తే చాలు, ఈసారి ఏది ఊడిందో, ఏది కారుతోందోనని ఆయన గుండె జారిపోయేది.

ఇప్పుడు గండం ఇంకొంచెం పెద్దది. ఫ్లాటులో ఉంటున్నది ఒక లెక్కల మాస్టారూ, నర్సుగా పనిచేసే ఆయన భార్యా. నర్సు వాళ్ళమ్మ ఇక కూతురి దగ్గరే ఉండిపోవడానికి ఆరోజే వస్తోంది. "మా అమ్మ వచ్చి చూశాక, ఉండేదీ మారేదీ చెబుతామండీ" అని నర్సు ముందే మెత్తగా చెప్పింది. ఇల్లు ఖాళీ అయితే అద్దె ఆగుతుంది గానీ బ్యాంకు ఆగదు. ఆ పెద్దావిడ వచ్చేలోపు గడియ ఒక్కటైనా సవ్యంగా ఉండాలని ఆయన తాపత్రయం. వడ్రంగి దొరికేసరికి వారమవుతుంది. స్క్రూ చిన్నదైతేనేం, పెద్దదైతేనేం, తిరిగేది ఒకవైపేగా అని ధైర్యం చెప్పుకున్నాడు.

ఆయన వెళ్ళేసరికి మొగుడూ పెళ్ళాలిద్దరూ గుమ్మంలో చెప్పులేసుకుంటున్నారు.

"అత్తగారి బస్సు వచ్చే టైమైందండీ. తీసుకొచ్చేస్తాం. మీరు మీ పని చూసుకోండి ఓనరుగారూ, ఇల్లు మీదేగా!" అని మాస్టారు నవ్వుతూ మెట్లు దిగాడు.

కళ్ళజోళ్ళాయన తడుస్తుందేమోనని ఫోను భోజనాల బల్లమీద పెట్టి, బాత్రూంలోకి వెళ్ళాడు. రోగం తెలియాలంటే తలుపు వేసి చూడాలి గదా అని తలుపు వేశాడు. ఒక్కొక్క స్క్రూ ఊడదీశాడు. లోపలి హ్యాండిల్ బుద్ధిగా చేతిలోకి వచ్చింది. దాన్ని చూసి ఆయన సంబరపడుతుండగానే, రెండు హ్యాండిళ్ళనీ కలిపే ఇనప కడ్డీ అవతలికి జారి, బయటి హ్యాండిల్‌తో సహా నేలమీద ఖంగున పడింది. తలుపు మాత్రం మూసుకునే ఉంది.

లాగడానికి పట్టులేదు. తోద్దామంటే తలుపు తెరుచుకునేది లోపలికి. సన్న స్క్రూడ్రైవర్ని ఆ కన్నంలో పెట్టి తిప్పితే, ఏనుగు చెవిలో పుల్ల తిప్పినట్టుంది. ఎలాగూ వాళ్ళు వచ్చేస్తారులెమ్మని బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు.

వచ్చింది వాళ్ళు కాదు. బస్సు ముందే వచ్చేయడంతో, పెద్దావిడ టాక్సీ ఎక్కి తనే వచ్చేసింది. దారిలో ఆవిడ కళ్ళజోడు కాడ ఊడిపోయింది. అది చేత్తో పట్టుకుని, గోడలు తడుముకుంటూ మెట్లెక్కి, దగ్గరగా వేసి ఉన్న తలుపు తోసింది.

"అమ్మాయీ! వచ్చేశానే!"

"అమ్మయ్య! కాస్త తలుపు తియ్యండి!" అని బాత్రూంలోంచి మగగొంతు వినిపించింది. అది అల్లుడిది కాదు.

"ఎవడ్రా నువ్వు?"

"ఓనర్నండీ!"

"ఓనరువైతే బాత్రూంలో ఏం చేస్తున్నావు?"

"బాగుచేద్దామని వచ్చానండీ."

"ఏం బాగుచేశావు?"

"అక్కడే కింద హ్యాండిల్ పడి ఉంటుంది. దాన్ని కన్నంలో పెట్టి తిప్పండమ్మా, తలుపు వచ్చేస్తుంది" అని బతిమాలాడు.

"బాగుంది సంబడం! దొంగకి నాచేత తలుపు తీయిస్తావా?" అని ఆవిడ నేలంతా తడిమి, హ్యాండిల్ వెతికి పట్టుకుని, తన చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగేసింది. జిప్పు చప్పుడు ఆయన లోపలినుంచి విన్నాడు.

సరిగ్గా అప్పుడే బల్లమీద ఫోను మోగింది. అల్లుడేమోనని పెద్దావిడ ఎత్తింది.

"ఏమండీ, ఫ్రేములు దొరికాయా?" అంది అవతలి గొంతు.

"ఎవరమ్మా నువ్వు?"

"మీరెవరు? అది మా ఆయన ఫోను!"

"అయితే మీ ఆయన మా బాత్రూంలో ఉన్నాడమ్మా."

అవతలి గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. తలుపు సందులోంచి కూడా అది ఆయనకి స్పష్టంగా వినిపించింది.

"ఏ బాత్రూం? ఎవరి బాత్రూం?"

"మా అమ్మాయి వాళ్ళది."

"మీ అమ్మాయిదా!"

"ఫ్లాటే! మన ఫ్లాటు! గడియ కోసం వచ్చా!" అని కళ్ళజోళ్ళాయన తలుపుకి నోరు ఆనించి గొంతు చించుకున్నాడు.

ఈసారి అవతల నిట్టూర్పు వినిపించింది. "ఆ గొంతు మా ఆయనదే పిన్నిగారూ. మీ అమ్మాయి వాళ్ళు ఉంటున్నది మా ఫ్లాటే. హోల్‌సేల్ దుకాణానికని చెప్పి బయల్దేరారు."

"అబద్ధమాడి వచ్చాడా?"

"వచ్చారు."

"తలుపు తియ్యమంటావా మరి?"

"వద్దు. నేనొచ్చేదాకా అలాగే ఉంచండి."

ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఒక మాటమీదికి వచ్చేశారు. పెద్దావిడ కుర్చీ ఒకటి బాత్రూం ముందుకి లాక్కుని కాపలా కూర్చుంది.

ఈ కేకలకి కింది వాటాలోంచి ఫ్లాట్ల సంఘం కార్యదర్శి పైకొచ్చాడు. సంగతి విని జాలిపడతాడనుకుంటే, ఆయన మొహం వెలిగిపోయింది.

"ఓనరుగారు లోపల ఉన్నారా? ఎన్ని మీటింగులు పెట్టినా దొరకని మనిషండీ!" అని తలుపు దగ్గరకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "సార్, మెట్ల గోడలకి రంగు వేయిస్తున్నాం. ఆకుపచ్చా, గోధుమరంగా? మీ ఒక్కరి అభిప్రాయమే తేలక ఆగిపోయింది."

"ఏదైనా వేసుకోండి మహానుభావా! ముందు నన్ను బయటికి తియ్యండి!"

"అదెలా కుదురుతుంది సార్! మీ ఇంటావిడ వద్దన్నారటగా. ఆకుపచ్చ అని రాసుకుంటున్నాను" అని ఆయన తృప్తిగా దిగిపోయాడు.

దొంగ కాదని తేలాక పెద్దావిడ మాట మెత్తబడింది. ఊరికే కూర్చోలేక కబుర్లు మొదలెట్టింది.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి బాబూ, ఇల్లు బాగుంది. మా అమ్మాయి మారిపోదామంటోంది గానీ, నాకైతే నచ్చింది. హాల్లో ఆ గోడమీద లేత రంగులో పువ్వులు వేయించావు చూడు, ఎంత ముచ్చటగా ఉందో!"

కళ్ళజోళ్ళాయన గోడమీద పువ్వులు వేయించలేదు. అక్కడున్నది వానాకాలం నుంచి పాకుతున్న చెమ్మ. అవునని అనలేక, కాదని చెప్పలేక "ఆఁ" అని ఊరుకున్నాడు. అద్దె నిలబడుతుందన్న ఆశ మాత్రం ఆ బాత్రూంలో దీపంలా వెలిగింది.

"ఎలాగూ ఖాళీగా కూర్చున్నావు, మీ ఆవిడ వచ్చేదాకా ఇది కాస్త చూడకూడదూ? నీది కళ్ళజోళ్ళ షాపని అల్లుడు చెప్పాడులే" అని పెద్దావిడ తలుపు కింది సందులోంచి తన కళ్ళజోడు లోపలికి తోసింది.

ఆయన దాన్ని అందుకుని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. ఊడింది ఒక చిట్టి స్క్రూ. అలాంటివి జేబులో డబ్బీనిండా ఉన్నాయి. బిగించడం ఎంతసేపూ కాదు. కానీ బిగిస్తే ఆవిడకి పువ్వులు కనిపించవు, చెమ్మ కనిపిస్తుంది. 'కుదరదండీ, షాపుకి తీసుకెళ్ళాలి' అని ఒక్క మాటంటే చాలు, సాయంత్రంలోగా ఇల్లు ఖాయమైపోతుంది. లోను కళ్ళముందు కదిలింది. ఖాళీ ఫ్లాటు కదిలింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

కానీ చూపు ఆనని మనిషి కళ్ళజోడు చేతికొచ్చాక, బాగుచెయ్యకుండా వెనక్కివ్వడం ఆయన వల్ల కాలేదు. స్క్రూ బిగించాడు. కాడలు సరిచేశాడు. చొక్కా అంచుతో అద్దాలు శుభ్రంగా తుడిచి, సందులోంచి బయటికి తోసేసి, జరగబోయేదానికి సిద్ధపడి కళ్ళు మూసుకున్నాడు.

బయట కుర్చీ జరిగింది, అడుగులు హాల్లో గోడదాకా వెళ్ళి తిరిగొచ్చాయి.

"బాబూ!"

"చెప్పండమ్మా."

"అవి పువ్వులు కావు."

"కావండీ."

"చెమ్మ."

"చెమ్మేనండీ" అన్నాడు లోపలి ముద్దాయి.

మెట్లమీద అడుగుల చప్పుడైంది. భార్యా, బస్టాండంతా గాలించి ఉసూరుమంటూ వచ్చిన మాస్టారూ, నర్సూ ఒక్కసారే లోపలికొచ్చారు. పెద్దావిడ సంచి జిప్పు తీసి, హ్యాండిల్ కన్నంలో పెట్టి తిప్పింది. తలుపు ఇట్టే తెరుచుకుంది. చేతిలో రెండో హ్యాండిల్‌తో, చెమటలు కక్కుతూ కళ్ళజోళ్ళాయన ప్రత్యక్షమయ్యాడు.

"మిమ్మల్ని ఒంటరిగా వదిలి వెళ్ళడం మాదే తప్పండీ" అన్నాడు మాస్టారు నొచ్చుకుంటూ.

భార్య మొగుణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, దెబ్బలేమీ తగల్లేదని తేల్చుకున్నాక, ఫ్లాటు చూడసాగింది. కొన్ననాడు తాళం తీసినప్పుడు తప్ప ఆవిడ మళ్ళీ అక్కడ అడుగుపెట్టలేదు. వంటగది చూసింది. గోడమీద చెమ్మ చూసింది. చివరికి బాల్కనీలోకి వెళ్ళి, ఎంతసేపటికీ ఇవతలికి రాలేదు. ఆయన బితుకుబితుకుమంటూ వెనకే వెళ్ళాడు. ఎండ ఆవిడ మొహమ్మీద పడుతోంది. కింద వీధి చెట్ల కొమ్మలు చేతికందేలా ఉన్నాయి.

"ఇంత వెలుతురున్న ఇల్లు కొని, దాన్ని అద్దెకిచ్చి, నన్ను షాపు వెనక పగలు కూడా లైటు వేసుకునే గదుల్లో ఉంచారా?" అంది ఆవిడ మెల్లిగా.

తిడుతుందనుకున్న మనిషి అలా అడిగేసరికి ఆయన చేతిలోని హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పసాగాడు.

హాల్లోంచి పెద్దావిడ తీర్పు వినిపించింది. "చెమ్మ ఉంటే ఉంది, బాగుచేయిస్తాడు. అడక్కుండా నా కళ్ళద్దాలు తుడిచి మరీ ఇచ్చినవాడు మనల్ని మోసం చెయ్యడు. నా బాధ ఇల్లు కాదే అమ్మాయీ, ఆ మెట్లు. ఇవాళ ఎక్కడానికే ప్రాణం పోయింది. రోజూ నా మోకాళ్ళ వల్ల కాదు."

బాల్కనీలోంచి భార్య చటుక్కున తిరిగింది. "పిన్నిగారూ, మా ఇంటికి ఒక్క మెట్టు కూడా లేదు. గుమ్మం దాటితే వీధే."

"గదులెన్ని?"

"రెండు. వెలుతురు తక్కువ."

"ఈ వయసులో నాకు వెలుతురెందుకు తల్లీ, కాలు ఆనితే చాలు."

"మా స్కూలు మీ షాపు పక్క సందులోనే గదండీ!" అన్నాడు మాస్టారు హుషారుగా. నర్సు అప్పటికే ఎవరి మంచం ఎక్కడ పడుతుందో లెక్కేస్తోంది.

టీ మరిగేలోపు అంతా తేలిపోయింది. మాస్టారువాళ్ళు షాపు వెనక గదుల్లోకి, ఓనర్లు ఫ్లాటులోకి. అద్దె అంతే. చెమ్మకి మేస్త్రీని భార్యే మాట్లాడుతుంది. కళ్ళజోళ్ళాయన చేతిలో హ్యాండిల్ పట్టుకుని అందరి మొహాలూ మార్చి మార్చి చూశాడు గానీ, ఆయన్నెవరూ ఏమీ అడగలేదు. గోడకి ఏ రంగో కూడా అడగలేదు.

మరుసటి నెల సామాన్లు అటూ ఇటూ మారాయి. కొత్త కాపురంలో మొదటి రాత్రి గాలి గట్టిగా వీచింది. తెల్లారగానే ఆయన పడకగదిలోంచి కేకేశాడు.

"ఏమోయ్, ఈ కిటికీ రెక్క సరిగ్గా పడటంలేదు. రాత్రంతా కొట్టుకుంటూనే ఉంది."

బాల్కనీలో ఎండలో కూర్చుని టీ తాగుతున్న భార్య తల కూడా తిప్పలేదు.

"ఓనరుకి చెప్పండి" అంది.