రాహుకాలంలో దిగిన పెట్టె

ఆ ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ మునికృష్ణ అనుకున్నదాంట్లో అత్యాశేమీ లేదు. సాయంత్రం చిత్తూరు బస్సులో కత్తియుద్ధాల సినిమా పెట్టె దిగుతుంది. ఏడింటికి ఆట మొదలవుతుంది. పంచాయతీ ప్రెసిడెంటు దొరస్వామి కుటుంబంతో సహా వచ్చి, కుర్చీలో కూర్చుని, చూసి సంతోషిస్తాడు. ఆయన సంతోషించడం చాలా ముఖ్యం. పూతలపట్టు కూడలి పక్కన మునికృష్ణ టూరింగ్ టాకీస్ డేరా వేసుకున్న స్థలం పంచాయతీది. దాన్ని బెల్లం మండీకి ఇమ్మని నలుగురు పెద్దమనుషులు ప్రెసిడెంటు చెవిలో జోరీగల్లా తిరుగుతున్నారు. ఆదివారం తానే వచ్చి చూస్తాననీ, జనం మెచ్చకపోతే సోమవారం డేరా పీకేయాల్సిందేననీ దొరస్వామి చెప్పేశాడు.

బస్సు పావుతక్కువ ఐదుకు వచ్చింది. క్లీనరు పైనుంచి రేకుపెట్టె దించి, రైట్ చెప్పేశాడు. అచ్చం అలాంటి పెట్టే ఇంకొకటి బస్సు మీద తిరుపతికి వెళ్ళిపోయిందని ఎవరూ గమనించలేదు. అప్పుడే మూత తీసి చూసుంటే కథ అక్కడితో సరిపోయేది. కానీ మునికృష్ణ తల్లి జ్ఞానాంబ ఒప్పుకోలేదు. కొత్త పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి గానీ తెరవకూడదు. అదీగాక ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆపరేటరు కుప్పయ్య తొందరపడతాడని అనుమానం వచ్చి, ఆవిడ పెట్టె మీదే కూర్చుని తమలపాకులు నమలడం మొదలుపెట్టింది.

ఆరున్నరకు పూజ ముగిసింది. అప్పటికే నేల నిండింది, బెంచీలు నిండాయి, దొరస్వామి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. కుప్పయ్య రీలు కొస పట్టుకుని బల్బు ముందు పెట్టి చూశాడు.

"అబ్బా, దీంట్లో కత్తుల్లేవు. తెల్లపిల్లోళ్ళు సంచులు తగిలించుకోని యాడికో పోతా ఉండారు."

మునికృష్ణకు ముచ్చెమటలు పోశాయి. అది తిరుపతిలో ఒక ఫిల్మ్ సొసైటీవాళ్ళు తెప్పించుకున్న పెట్టె. ఏదో దూరదేశంలో, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఎవరో కుర్రదర్శకుడు తీసిన సినిమా. పదహారేళ్ళ పిల్లలు ఐదుగురు ఇల్లు వదిలి పరాయిదేశాలు తిరుగుతారు. పాటల్లేవు, ఫైట్లు లేవు, అసలు మాటలే తక్కువ. ఆట లేదని చెబితే జనం డేరా చింపేస్తారు. వేస్తే తెర చింపుతారు. తెర చిన్నది కదా అని మునికృష్ణ వెయ్యమన్నాడు.

మొదటి పది నిమిషాలు పిల్లలు నడిచారు. తర్వాత రైలు తప్పిపోయి మళ్ళీ నడిచారు. నేలలో ఈల ఒకటి లేచింది. బెంచీలు కిర్రుమన్నాయి. మునికృష్ణ గుడారు గుంజను కౌగిలించుకుని నిలబడ్డాడు.

అది పెరటాసి నెల, తిరుమల మొక్కుల కాలం. వేలూరు వైపు నుంచి తిరుమలకు కాలినడకన పోయేవాళ్ళు పొద్దుగూకులూ ఆ కూడలి మీదుగానే పోతారు. తెర మీద ఒక పిల్ల బొబ్బలెక్కిన కాళ్ళు బకెట్టు నీళ్ళలో పెట్టుకోగానే నేలలోంచి ఒక ముసలామె, "అయ్యో తల్లీ, యా ఊర్నించి నడిసొస్తా ఉండావో" అంది. ఆ ఒక్క మాటతో డేరా మొత్తానికి విషయం అర్థమైపోయింది. ఈలలు ఆగిపోయాయి. పిల్లలు స్టేషన్లో నేల మీద పడుకుంటే ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. రొట్టెముక్క ఐదుగురూ పంచుకుంటే, కటిక ఉపవాసం ఎందుకురా అని బెంచీలవాళ్ళు మందలించారు. ఒక పిల్లవాడు వేసవి ఉక్కకు తాళలేక మంగలి ముందు కూర్చుని గుండు కొట్టించుకున్నాడు. అంతే, డేరా లేచిపోయేలా గోవింద కొట్టారు. దొరస్వామి కూడా లేచి నిలబడి చేతులు జోడించాడు. ఆఖరున పిల్లలు కొండెక్కి, ఏమీ మాట్లాడకుండా సముద్రాన్ని చూసి, కిందికి దిగారు. దీపాలు వెలిగాయి. దొరస్వామి ముఖం కందగడ్డలా ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఫిల్మ్ సొసైటీ కార్యదర్శి వెంకటేశ్వర్లు, కాలేజీ లెక్చరరు, కత్తియుద్ధాల పెట్టెతో బస్సు దిగాడు. తమ సభ్యులు పదహారు రీళ్ళూ కదలకుండా చూశారనీ, ఇద్దరు ప్రొఫెసర్లు ఈలలు కూడా వేశారనీ సిగ్గుపడుతూ చెప్పాడు. అంతలో దొరస్వామి వార్డు మెంబర్లతో వచ్చేశాడు. పెట్టెలు మారిన గుట్టు బయటపడకుండా లెక్చరరు నోటికి అడ్డంగా మునికృష్ణ కాఫీ గ్లాసు అందించాడు గానీ, ఆయన మర్యాదస్తుడు, పక్కన పెట్టేశాడు.

"అయ్యవారూ, ఆ సినిమా మీదంట గదా. ఆ పిల్లోళ్ళకు దర్శనం అయిందా, లేదా? రాత్రంతా అదే ఆలోచన నాకు" అని అడిగాడు దొరస్వామి.

లెక్చరరు అబద్ధం ఆడడు. ఆ సినిమా గురించి పత్రికల్లో చదివినదంతా ఒకసారి తలచుకున్నాడు.

"ఏం వెతుక్కుంటా పోయినారో వాళ్ళకే తెలీదండీ. ఆ సినిమాలో ఉండేదే అది."

దొరస్వామి చాలాసేపు తల ఊపాడు. "నిజమే. అంత సులభంగా కనపడతాడా." తర్వాత మెంబర్ల వైపు తిరిగాడు. "పసిబిడ్డలు మట్టి మీద పడుకోని పోయినారు. మన కూడలిలో పోయేవాళ్ళ గతీ అంతే. సిగ్గుగా ఉండాది నాకు. ఈ జాగా మండీకీ లేదు, సినిమాకీ లేదు. ఈడ సత్రం కడతాం."

 మునికృష్ణ వేసిన సినిమా చూసి అంత బాగా ఏడ్చిన మనిషే అతన్ని రోడ్డున పడేస్తున్నాడు. మునికృష్ణ నోరు తెరిచి ఏదో అనబోయేంతలో, డేరా పక్కన మంచం మీద నుంచి జ్ఞానాంబ అందుకుంది.

"సత్రం లేసేదాకా ఆ బిడ్డలు యాడ పడుకుంటారు నాయనా? డేరా ఉంటే రెండో ఆట అయినాక ఈన్నే పడుకోరా?"

దొరస్వామి ఆవిడ వైపు చూశాడు. మెంబర్లు దొరస్వామి వైపు చూశారు. డేరా అప్పటిదాకా ఇక్కడే ఉండవచ్చనీ, నడిచిపోయేవాళ్ళకు చాపలు మునికృష్ణే పరవాలనీ, పంచాయతీ సత్రానికి పునాది తీసిన రోజే గుంజలు పీకాలనీ అక్కడికక్కడే తీర్మానం రాసి సంతకాలు చేశారు. మునికృష్ణ ఆ పూటే ఇరవై చాపలు తెప్పించాడు. మనసు అంత తేలికగా ఉండి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు.

పునాది తీయాల్సింది పంచాయతీ కాబట్టి, డేరా ఆ తర్వాత పదకొండేళ్ళు అక్కడే ఉంది.