కొస నుంచి పిడి దాకా మరమ్మతు

మావారు బజారు నుంచి ఖాళీ సంచితో వచ్చారంటే నాకు అనుమానం. నిండు సంచిని గుమ్మంలోనే గిరాటేసే మనిషి, ఖాళీ సంచిని చంటిపిల్లలా గుండెకు హత్తుకుని గోడవారగా నడుస్తుంటే అనుమానించక ఏం చేయను?

"ఏం తెచ్చారు?"

"ఏం లేదు."

"ఆ లేనిదాన్నే కాస్త చూపించండి."

సంచిలోంచి చిన్న పొట్లం, పొట్లంలోంచి చొక్కా గుండీ అంత రింగు బయటికొచ్చాయి.

"గాలం కర్ర కొసన ఉండే రింగు. పాతది అరిగిపోయి దారాన్ని కోసేస్తోంది. మరమ్మతంతే. కొత్త కర్రేం కాదు."

కొత్త కర్ర మాట నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తారు. నా అనుమానానికి ఆ పూట కడుపు నిండింది.

మా ఒప్పందం సంగతి చెప్పాలి. మా ఇంట్లో కిటికీ ఉన్న చిన్నగది ఒకటుంది. అందులో ఆయన గాలాలు, నీళ్ళ మీద తేలే బెండ్లు, బురద బూట్లు, తప్పించుకుపోయిన చేపల జ్ఞాపకాలు కాపురముంటాయి. నా కుట్టుమిషను మాత్రం పడకగది తలుపు వెనక. ఎవరు తలుపు తోసినా నా మోచేతికి తగులుతుంది. మా ఇంట్లో చొక్కాలన్నిటికీ ఎడమ చెయ్యి కాస్త వంకరగా ఉంటుందంటే అది నా కుట్టు తప్పు కాదు. పెద్ద గొడవయ్యాక అత్తగారి ఎదుట తేల్చుకున్నాం: పాతది బాగుండగా ఇంట్లోకి కొత్త గాలం కర్ర వచ్చిందా, చిన్నగది నాది. మరమ్మతులకు అభ్యంతరం లేదు. ఆ చివరి మాట చేర్చమని ఆయన బతిమాలారు. జాలిపడి ఒప్పుకున్నాను.

కొస రింగు తరవాత మధ్య రింగులు వచ్చాయి. తరవాత దారం చుట్టే చక్రం. తరవాత పిడి. ప్రతిసారీ అదే ఖాళీ సంచి, అదే గోడవార నడక.

"ఇప్పుడేం పోయింది?"

"పిడి. పట్టు జారుతోంది."

"పిడిదా, మీదా?"

"నీకు గాలాల గురించి తెలీదు."

తెలీకపోవడమేం? ఆయన రింగు కడుతున్నప్పుడల్లా కర్ర రెండో కొస పట్టుకుని దీపస్తంభంలా నిలబడేది నేనే. రింగు అడుగున ఉండే పాదాన్ని కర్రకు ఆనించి, దాని మీద దారాన్ని సందు లేకుండా వరసగా చుట్టాలి. చివరి చుట్ల కింద చిన్న ఉచ్చు పెట్టి, దారం కొసను అందులో దూర్చి లాగేస్తే ముడి కనబడదు. పైన గోళ్ళరంగు పూస్తే గట్టిపడుతుంది. దారం నా డబ్బాలోది, గోళ్ళరంగు నా అలమారలోది. విసుగు ఒక్కటే ఆయన సొంతం.

ఆ తరవాత కర్ర పై సగం వచ్చింది.

"పాతదానికి చీలిక వచ్చింది," అన్నారు.

"ఏదీ?"

"కంటికి కనబడేది కాదు."

అత్తగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "వాడు చిన్నప్పుడూ ఇంతే అమ్మాయ్. పెన్సిలు ముల్లు విరిగిందని చెప్పి పెట్టె మొత్తం కొనిపించేవాడు."

"అమ్మా, నువ్వు పేపరు చదువుకో."

ఒక సెలవునాడు చిన్నగదిలోంచి గరగరమని చప్పుడు. తలుపు సందులోంచి చూద్దును కదా, నిగనిగలాడే కొత్త పిడిని గరుకు కాగితంతో రుద్ది, దాని మీద చల్లారిన కాఫీ పూస్తున్నారు. పాతవాటిని కొత్తగా చేసే మరమ్మతు చూశాను గాని, కొత్తదాన్ని ముసలిదాన్ని చేసేది చూడడం అదే మొదలు.

"ఏమిటండీ ఆ రుద్దుడు?"

"నునుపు చేస్తున్నా."

"ఉన్న నునుపు పోతోందిగా."

"ముందు పోతుంది, తరవాత వస్తుంది. నువ్వెళ్ళు."

తీసేసిన ముక్కల్ని మాత్రం "ఇదుగో, పారెయ్" అంటూ నా చేతికే ఇచ్చేవారు. ఇంట్లో చెత్త దానంతటదే నా చేతికి నడిచొస్తుందని ఆయన నమ్మకం. నేను వాటిని కుట్టుమిషను గుడ్డ కింద దాచేదాన్ని. దారాన్ని కోసేస్తోందన్న రింగులో దారం వేసి లాగాను, సబ్బు మీద జారినట్టు జారింది. చీలిందన్న పై సగాన్ని వంచాను, చిన్న చప్పుడైనా లేదు. చక్రం తిప్పితే ఎంత బాగా తిరిగిందో, అత్తగారు చాలాసేపు నాకు తిరిగి ఇవ్వలేదు.

చివరికి కింది సగం కూడా "పారెయ్" అన్నారు. కొత్త కింది సగం ఆ పొద్దున్నే, యథాప్రకారం ఖాళీ సంచిలో వచ్చింది.

మావారు ఆఫీసుకు వెళ్ళగానే నేనూ అత్తగారూ దాచిన ముక్కలన్నీ ముందేసుకుని హాల్లో కూర్చున్నాం. ఆవిడ కర్ర తిప్పుతుంటే నేను దారం చుట్టాను. ఒంటికన్నుతో చూసి రింగులన్నిటినీ ఒకే గీతకు తెచ్చాను. సాయంత్రానికి, విడతలవారీగా పోయిన కర్ర తిరిగి లేచి నిలబడింది.

ఆదివారం పొద్దున సాక్షిగారు వచ్చారు. ఆ పేరు నేను పెట్టుకున్నదే; మనిషి మావారి చేపల స్నేహితుడు. తప్పించుకున్న చేప ఇంత పొడుగని మావారు చేతులు చాపితే, "ఇంకొంచెం పెద్దదే," అని సాక్ష్యం చెప్పడం ఆయన వృత్తి. మావారు కర్రతో హుషారుగా గదిలోంచి వచ్చి, గుమ్మం పక్కన నిలబడ్డ రెండో కర్రను చూసి ఆగిపోయారు.

"ఇదేమిటి?"

"మన పాత కర్ర."

"పాతది నా చేతిలో ఉంది."

"అయితే ఇదేమిటంటారు?"

ఆయన కళ్ళు తళుక్కుమన్నాయి. "రెండో కర్ర. ఇంట్లోకి తెచ్చింది నువ్వు. ఒప్పందం తప్పింది నువ్వే. చిన్నగది నాకే ఖాయం."

ఒక్క క్షణం చిన్నగది కిటికీ దూరంగా వెళ్ళిపోతున్నట్టనిపించింది.

"ఒరే, నువ్వు చెప్పు," అని మావారు స్నేహితుడి వైపు తిరిగారు. "నేను ఇన్నేళ్ళూ పట్టుకుతిరిగింది ఇదేనా కాదా?"

సాక్షిగారు నోరు తెరిచారు, అలవాటు కొద్దీ అబద్ధమే వచ్చేది. కాని చెయ్యి అప్పటికే గుమ్మం పక్క కర్ర మీద పడింది. పిడి తిప్పి చూశారు. "ఇదుగో, నా సిగరెట్టు కాల్చిన మచ్చ. ఆ రోజు నువ్వు నన్ను నీళ్ళలోకి తోసినంత పని చేశావు. ఇదేరా పాతది."

"సరిగ్గా చూడు."

"చూశా." ఆయన రెండు కర్రలనూ కంటికి ఆనించుకున్నారు. "నీ చేతిలోదానికి రింగులు బడి వదిలిన పిల్లల్లా తలో దిక్కున ఉన్నాయి. దీనివి చూడు, ఎంత బుద్ధిగా ఉన్నాయో. ఎవరు కట్టారు?"

"చెత్త పారేసేవాళ్ళు," అన్నారు అత్తగారు.

మావారు ఆమెను చూశారు, నన్ను చూశారు, కర్రను చూశారు. "పోనీ, ఒకటి పారేస్తాను," అన్నారు.

"పారేయండి. ఏది?"

పాతదాన్ని పారేయడానికి మనసొప్పలేదు. కొత్తదాన్ని పారేయడానికి ప్రాణమొప్పలేదు. రెంటినీ గోడకు ఆనించి, "కుట్టుమిషను అటు పక్క పట్టుకోరా, చిన్నగదిలో పెడదాం," అన్నారు స్నేహితుడితో. ఆ రోజు చేపలన్నీ ప్రాణాలతో బతికిపోయాయి.

నాలుగు రోజులు బింకంగా తిరిగారు. ఐదోనాటి సాయంత్రం చిన్నగది తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు. చూస్తే మావారు, కొత్త కర్ర వీపు వెనక దాచుకుని.

"రింగుల వల్ల దారం చిక్కుపడుతోంది. కాస్త మళ్ళీ కట్టి పెడతావా?"

"అక్కడ పెట్టి వెళ్ళండి," అన్నాను. "సాక్షిగారివి మూడున్నాయి. అవయ్యాక మీది."