ఒక్క ప్లగ్గు, రెండు కార్లు, కుక్క గిన్నె

ఒరెస్ట్ ఆ ఉదయం వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. మంచుగడ్డ మీద రాళ్లు జార్చి, వాటి ముందు చీపుళ్లతో ఊడ్చే కర్లింగ్ ఆటపోటీలో జీవితంలో మొదటిసారి ఫైనల్ దాకా వచ్చాడు. ఆట పక్క ఊళ్లో. జట్టువాళ్లంతా ముందురోజే వెళ్లిపోయారు. జట్టు నాయకుడైన తను రాకపోతే కప్పు అవతలివాళ్లదే. బయట సున్నాకి నలభై డిగ్రీలు కింద చలి. ఇంజిన్‌ని వెచ్చబెట్టనిదే కెనడాలోని ఆ ససకాచెవాన్‌లో ఏ కారూ కదలదు. అందుకని లేస్తూనే కారు ముక్కులోంచి వేలాడే ఇంజిన్ హీటరు తీగని గోడ ప్లగ్గుకి తగిలించాడు.

చిక్కల్లా, బయట ఉన్నది ఆ ఒక్క ప్లగ్గే. అంతవరకూ దానికి కుక్క నీళ్లగిన్నె తగిలించి ఉంది. నీళ్లు గడ్డకట్టకుండా అడుగున హీటరున్న గిన్నె అది. బొచ్చుకుక్క టోబా ఇంట్లోకి రమ్మన్నా రాదు.

"మరి దాని నీళ్లో?" అంది భార్య హాలినా.

"వేడినీళ్లు పోస్తూ ఉంటాలే."

"నువ్వా? టీ ముందు కూచుంటే నీకు నేనే గుర్తుండను, ఇంక కుక్కేం గుర్తుంటుంది!"

అన్నంత పనీ అయింది. రెండో కప్పు టీ తాగి కిటికీలోంచి చూస్తే కారు తీగ వేలాడుతోంది. ప్లగ్గుకి మళ్లీ కుక్క గిన్నె ఉంది! మంచులో బూట్ల గుర్తులు పక్కింటి వెర్నా గుమ్మం దాకా వెళ్లాయి. ఫైనల్లో అవతలి జట్టు నాయకురాలు ఆవిడే.

"చూశావా! నన్ను రాకుండా చేసి కప్పు కొట్టేద్దామని!"

"వెర్నా అలాంటిది కాదు. వెళ్లి అడుగు."

ఒరెస్ట్ అడగలేదు. వెళ్లి వెర్నా కారు తీగ పీకేశాడు. ఆ ఊళ్లో పర్సు కొట్టేసినవాణ్ణయినా క్షమిస్తారు గాని, చలిలో ఇంకొకరి కారు ప్లగ్గు పీకినవాణ్ణి క్షమించరు. కసి తీరాక, కారూ గిన్నే కలిపి తగిలిస్తే పీడా పోతుందని మూడు రంధ్రాల ప్లగ్గు తెచ్చి రెండూ గుచ్చాడు. టప్పుమంది. వంటింట్లో దీపంతో సహా అన్నీ పోయాయి. ఇంట్లో ఇంకో ఫ్యూజు లేదు. ఆదివారం, కొట్లూ లేవు.

బయల్దేరే వేళకి కారు ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. అంతలో వెర్నా ఆటచీపురు పట్టుకుని వచ్చింది.

"ఒరెస్టూ, పొద్దున టోబా పాపం మంచుగడ్డ నాకుతోంటే గిన్నె తగిలించా. నా కారుందిగా, ఇద్దరం కలిసే పోదామనుకున్నా. తీరా చూస్తే ఎవడో నా ప్లగ్గు పీకేశాడు, కారు కదలనే లేదు! మన ఊళ్లోనూ ఉన్నారా ఇలాంటివాళ్లు?"

ఒరెస్ట్ సిగ్గుతో చచ్చిపోయాడు. వెర్నా తన కారు దగ్గర మొదలైన అడుగుల వెంట చూపు పోనిచ్చి, అతని బూట్ల దగ్గర ఆగింది.

అప్పుడే రోడ్డు మీద మంచు తోసే బండి వచ్చింది. హాలినా చెయ్యెత్తి ఆపింది.

"పక్క ఊరికే పోతున్నా గాని, ఒక్కరికే చోటుంది," అన్నాడు డ్రైవరు.

ఒరెస్ట్ వెర్నా వంక చూశాడు. వెర్నా ఎక్కి కూచుని తలుపేసుకుంది.

సాయంత్రం ఆవిడే కప్పు తెచ్చి వాళ్ల బల్ల మీద పెట్టింది. "సగం నీదే ఒరెస్టూ. నీ సాయం లేకపోతే ఇది నాకు దక్కేది కాదు," అంది నవ్వుతూ.

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.