సుబ్బన్నకు పూటకు రెండు ముద్దలు

రాగి సంగటి కెలికి, మామ సుబ్బన్న కోసం మూతపెట్టి ఉంచి, తొమ్మిదికల్లా అంగన్‌వాడీ తలుపు తీసింది కోమలి. అంతలో సూపర్‌వైజరు వసంతమ్మ ఫోను చేసింది.

"మీ మామ తిండి రాసిన కాగితంలో ఏందో తేడా ఉండాదంట. పదకొండుకు మీ ఇంటికే వస్తా ఉండాము. నిజమని తేలితే నీ ఉద్యోగం నేను కాపాడలేను."

కోమలికి ఆ కాగితం గుర్తొచ్చింది. పోయిన వారం తిరుపతిలో చదివే రఘునాథ్ అనే కాకినాడ అబ్బాయి వచ్చాడు. రాగులు తినేవాళ్లకు షుగరు ఎంత అదుపులో ఉంటుందో తేల్చడం అతని పరిశోధన. ఎంత తింటారని అడిగితే, పూటకు రెండు ముద్దలని సుబ్బన్న గొప్పగా చెప్పాడు. అతను రాసుకుని, ముసలాయన్ని జాలిగా చూసి వెళ్లాడు.

ఆ జాలి షుగరు గురించేనని కోమలికి ఇప్పుడు తోచింది. డాక్టరు అన్నం తగ్గించి రాగులు తినమన్న నాటినుంచి సుబ్బన్నకు పట్టపగ్గాలు లేవు. వద్దంటే ఒకటే మాట: "రాగి మందే గదమ్మా. మందు యాడన్నా ఎక్కువయితాదా?" ఊరందరికీ ఆహారం గురించి చెప్పే మనిషి ఇంట్లోనే ఇలాగైతే ఉద్యోగం ఉంటుందా? కేంద్రాన్ని ఆయా స్టెల్లాకు అప్పజెప్పి ఇంటికి పరుగెత్తింది.

"మామా, వాళ్ల ముందర ఒక ముద్ద చాలనండి. రెండోది అడగొద్దు."

కోడలి ముఖం చూసి సుబ్బన్న బుద్ధిగా తలూపాడు.

పదకొండుకు వసంతమ్మతో వచ్చిన రఘునాథ్ ముందుగా ఆయన పక్కనే కూర్చుని, కడుపు నిండా పెడుతున్నారా అని మెల్లగా అడిగాడు.

"ఒక ముద్ద చాలు నాయనా. రెండోది అడగొద్దని మా కోడలు చెప్పింది."

రఘునాథ్ ముఖం పాలిపోయింది. వసంతమ్మ కోమలి వైపు తిరిగింది. "పిల్లోళ్లకు గుడ్లు పెట్టేదానివి, ఇంట్లో ముసలాయన్ని మాడుస్తా ఉండావా? పూటకు అరవై గ్రాములంట."

కోమలి వంటింట్లోకి పోయి కంచంలో సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టి తెచ్చి వాళ్ల ముందు దించింది. టెంకాయంత ముద్ద కంచం నిండా ఉంది.

"ఇదంతా ఎన్ని ముద్దలండీ?" అన్నాడు రఘునాథ్.

"ఒకటే."

అతను నోట్లో పెట్టుకునేటట్టు వేళ్లు కూడదీసి చూసుకున్నాడు, తర్వాత కంచాన్ని చూశాడు. వాళ్ల కాకినాడ వైపు ముద్దంటే ఒకసారి నోట్లో పట్టేంతే. వసంతమ్మ కబురు పంపితే, పసిబిడ్డలను తూచే కాటాను స్టెల్లా తెచ్చింది. ముద్ద అర కిలో దాటింది. రఘునాథ్ సిగ్గుపడుతూ ముద్దకు ముప్పై గ్రాములని తాను రాసింది కొట్టేశాడు. కోమలి గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది.

రఘునాథ్ మాత్రం కొత్త అంకెను రెండుతో, మళ్లీ మూడు పూటలతో హెచ్చవేసి, భయంగా సుబ్బన్న వైపు చూశాడు.

"షుగరు ఎందుకు తగ్గలేదో ఇప్పుడు తెలిసింది తాతగారూ. ఏం తింటున్నామనేదే కాదు, ఎంత తింటున్నామనేది కూడా చూడాలి. రేపటి నుంచి పూటకు అర ముద్ద, మిగతా ఆకుకూర, పప్పు." అలాగే రాసి, వసంతమ్మ చేత కూడా సంతకం పెట్టించి కోమలి చేతికిచ్చాడు.

కోడలు కడుపు మాడుస్తోందని సుబ్బన్న ఇప్పుడు ఊరంతా చెబుతున్నాడు, ఎవరైనా నమ్మకపోతే పూటకు అర ముద్దని రాసి సంతకాలున్న కాగితం చూపిస్తున్నాడు.