మంత్రిగారి మనవలు

ఒక పెద్ద అడవిలో జంతువులన్నిటికీ ఉన్నట్టుండి తాతల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అన్నీ కలిసి వంశశోధక సంఘం పెట్టుకున్నాయి. తమ పూర్వీకుల గురించి తెలుసుకున్నదంతా టేకాకుల మీద రాసుకొచ్చి, వారానికోసారి సభలో చదివేవి. ఒకరి ఆకులో తమకు పనికొచ్చేది కనిపిస్తే మరొకరు రాసుకోవచ్చు. అది సంఘం నియమం.

అధ్యక్షుడు తాబేలు. రెండు వందల ఏళ్ళవాడు. ఎవరేం చదివినా, "నీకెవరు చెప్పారు?" అని అడిగేవాడు. అందుకే ఆయనకు దండలు వేసేవారు గానీ, ఆయన మాట వినేవారు కాదు.

ఆ సంఘంలో పానకాలు అనే నక్క ఉండేవాడు. అతని కూతురు రత్తాలు, కొండవతలి నక్క సాంబయ్య కొడుకు ఒకరినొకరు ఇష్టపడ్డారు. సాంబయ్యా సంఘంలో సభ్యుడే. "గొప్ప వంశం పిల్లయితేనే మా గడప తొక్కాలి" అని తేల్చి చెప్పాడు.

నిజం రాస్తే సంబంధం తప్పిపోతుంది. పానకాలు మరుసటి సభలో గొంతు సవరించుకుని చదివాడు: "మా నాన్నను కన్న తండ్రి బుద్ధిసాగరుడు. మొదటి సింహరాజుకు మంత్రి."

"నీకెవరు చెప్పారు?" అన్నాడు తాబేలు.

"నా రక్తం చెప్పిందండీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. సభ ముగిశాక చాలామంది రాసుకున్నారు కూడా. కుందేలు ఆకులోనూ బుద్ధిసాగరుడు తాతయి కూర్చున్నాడు.

"నక్క నీకు తాతేమిటయ్యా? మరి ఆ చెవులెక్కడివి?" అన్నాడు తాబేలు.

"అవి మా అమ్మ వైపువండీ."

నిశ్చితార్థం రోజు రెండు వంశాలూ చదవడానికి తాబేలును పెద్దగా కూర్చోబెట్టారు. ఆయన మొదట పానకాలు రాసిన ఆకును చదివాడు. సాంబయ్య మీసం దువ్వాడు. తర్వాత తాబేలు సాంబయ్య రాసిన ఆకును తీసి చదివాడు. "తండ్రి వైపు తాత, బుద్ధిసాగరుడు."

అంత గొప్ప తాతను వియ్యంకుడొక్కడికే వదిలేయడం సాంబయ్యకు మనసొప్పలేదు మరి!

"ఒకే తాతకు మనవలు. మీరిద్దరూ అన్నదమ్ములు నాయనా" అన్నాడు తాబేలు. "పిల్లలు అన్నాచెల్లెళ్ళ వరస. తాంబూలాలు తీసేయండి."

"బావగారూ, మీ తాతను చెరిపేయండి" అన్నాడు సాంబయ్య.

"బావగారు కాదు, అన్నగారు" అని సవరించాడు తాబేలు.

"ముందు దొరికింది నాకు! నువ్వే చెరుపు!" అరిచాడు పానకాలు.

రత్తాలు లేచి నిలబడింది. "నాన్నా, నీకు తాత కావాలా, అల్లుడు కావాలా?"

పానకాలు తల వంచాడు. "మా తాత వాగులో పీతలు పట్టేవాడు."

"నేను చూశాను" అన్నాడు తాబేలు. "ఒక్క పీత దొరికినా ఒంటరిగా తినేవాడు కాదు. సగం ఒడ్డున కూర్చున్నవాడికి పెట్టేవాడు."

"ఒడ్డున ఎవరండీ?" అని ఆశగా అడిగాడు సాంబయ్య.

"మీ తాత."

సాంబయ్య తన ఆకును తనే నమిలి మింగేశాడు.

పీతల పులుసుతో పెళ్ళి ఘనంగా జరిగింది. తమ పిల్లల పెళ్ళిళ్ళు గుర్తొచ్చి మిగతావాళ్ళు కూడా బుద్ధిసాగరుణ్ణి చప్పుడు కాకుండా చెరిపేసుకున్నారు. కుందేలొక్కడే చెరపలేదు. అతను బ్రహ్మచారి.

కాబట్టి లేని తాతను సంపాదించుకున్నవారు ఆయన్ను నలుగురికీ పంచకూడదు.