నన్ను వెలివేసిన ముగ్గురికీ టీ

మనిషి జీవితంలో ఒక్కసారైనా వెలి పడాలి. పడనివాడి బతుకు వృథా. ఈ మాట ఊరికే అనడం లేదు. రెండు నెలల్లో నన్ను రెండుసార్లు వెలివేశారు. అనుభవం మీద చెబుతున్నాను.

వెలి అంటే బయట. మా ఊరి బళ్ళో చెప్పిన అర్థం అంతే. నిప్పు ఇవ్వకుండా, నీళ్ళు తోడుకోనివ్వకుండా తరతరాలుగా మనుషుల్ని ఊరి బయట ఉంచిన వెలి ఒకటుంది. దాన్ని మోసినవాళ్ళ ముందు నేను నోరెత్తను. నేను చెప్పేది ఈ కాలపు వెలి గురించి. బొటనవేలితో వేసేది.

దీని పుట్టుక గురించి పెద్దలు ఏం రాశారో చదవలేదు. ఇలా జరిగి ఉంటుందని నా లెక్క. గుహలో పదిమంది పడుకున్నారు. ఒకడు గురక పెట్టాడు. మిగతా తొమ్మిదిమందీ వాణ్ణి బయటికి నెట్టారు. వాడు చలికి ఆగలేక నాలుగు కర్రలు పాతి ఇల్లు కట్టుకున్నాడు. చూశారా! ఇల్లు కనిపెట్టింది వెలివేసినవాళ్ళు కాదు, వెలి పడ్డవాడు. తొమ్మిదిమందీ తర్వాత వచ్చి అద్దెకు అడిగి ఉంటారు.

నా సంగతే చూడండి. ఐదో తరగతిలో మా మాస్టారు నన్ను రోజూ గది బయట నిలబెట్టేవాడు. బయట ఒకాయన నీళ్ళ మోటారు విప్పి బాగుచేస్తుండేవాడు. లోపలున్నవాళ్ళకు ఎక్కాలు వచ్చాయి. నాకు మోటారు వచ్చింది. ఆ చదువుతోనే ముప్ఫై ఒక్క ఏళ్ళు లిఫ్ట్ మెకానిక్‌గా బతికాను. ఎక్కాలు వచ్చినవాళ్ళను ఎన్నోసార్లు మధ్యలో ఆగిన లిఫ్టుల్లోంచి బయటికి లాగాను.

ఇక అసలు కథ. మా బిల్డింగ్‌లో నలభై ఎనిమిది ఫ్లాట్లు. అందరికీ కలిపి ఫోన్‌లో ఒక గ్రూప్. పేరు ‘ఒకే కుటుంబం’. మొదట అందులో ఉన్నది మా ఆవిడ. రెండేళ్ళ కింద పోయింది. ఆ చోట నా నంబరు చేర్చారు. కుటుంబమన్నాక ఖాళీలు భర్తీ చేసుకోవాలి కదా.

ఉత్తరం వస్తే జవాబు రాయాలని మా బళ్ళో నేర్పారు. గ్రూప్‌లో రోజూ పొద్దున్నే ముప్ఫై శుభోదయాలు వచ్చేవి. ముప్ఫైకీ విడివిడిగా జవాబు రాసేవాణ్ణి. ‘మీకూ శుభోదయం. ఈ గులాబీ మంగళవారం కూడా పెట్టారు’ అని. ఒక్కరూ మెచ్చుకోలేదు.

ఒకరోజు నాలుగో అంతస్తు లెక్చరర్ ఒక సూక్తి పెట్టాడు: ‘చిరునవ్వు ఉచితం. అందరికీ పంచండి.’ నేను కింద రాశాను: ‘లిఫ్ట్‌లో మీరెప్పుడూ పంచలేదే?’

తొమ్మిదీ పదికి రాశాను. తొమ్మిదీ పన్నెండుకి నన్ను తీసేశారు.

సాయంత్రం తలుపు తట్టారు. మా బిల్డింగ్ నియమాల్లో పదిహేడోది ఒకటుంది. ఎవరినైనా గ్రూప్‌లోంచి తీసేస్తే కమిటీ ముగ్గురూ వాళ్ళింటికి వెళ్ళి, కూర్చుని, కారణం నోటితో చెప్పాలి. అందుకని ముగ్గురూ వచ్చారు. కళ్ళజోళ్ళ షాపు నడిపే సెక్రటరీ, పళ్ళ డాక్టరమ్మ, ఆ లెక్చరర్.

“మీ మీద కోపం కాదు బాబాయ్,” అన్నాడు సెక్రటరీ. “లెక్చరర్ గారు ఫీలయ్యారు.”

“నేనేం ఫీలవలేదు,” అన్నాడు లెక్చరర్. “లిఫ్ట్‌లో నవ్వడానికి ఏముంటుందండీ?”

“మరి సూక్తి కింద ‘లిఫ్ట్‌లో తప్ప’ అని రాయాల్సింది,” అన్నాను.

బిస్కెట్లు పెట్టాను. నేనూ ఒకటి తీసుకున్నాను. డాక్టరమ్మ నన్నే చూస్తోంది.

“ఎడమపక్క నమలట్లేదేంటండీ? ఏదీ, నోరు తెరవండి.”

వెలివేయడానికి వచ్చిన మనిషి ముందు నోరు తెరుచుకు కూర్చున్నాను. ఆవిడ ఫోన్ లైటు వేసి లోపలంతా చూసింది. ఈలోగా సెక్రటరీ నా కళ్ళజోడు తీసుకుని వంగిన కాడ సరిచేశాడు. చరిత్రలో ఇంత శుభ్రంగా ఎవర్నీ వెలివేసి ఉండరు.

“ఈ పదిహేడో రూల్ పెట్టించింది ఎవరో తెలుసా బాబాయ్?” అన్నాడు సెక్రటరీ.

“ఎవరో పనిలేనివాళ్ళు.”

“పిన్నిగారే. కమిటీలో ఉన్నప్పుడు పట్టుబట్టి రాయించారు. ‘మా ఆయన ఎప్పుడో ఒకప్పుడు మీ చేతికి దొరుకుతాడు. ఫోన్‌లో చెబితే పీడ పోయిందనుకుంటాడు. ఇంటికెళ్ళి కూర్చోండి. టీ ఇచ్చేదాకా లేవకండి’ అన్నారు.”

లేచి టీ పెట్టాను. చక్కెర వేయడం మరిచాను. ముగ్గురూ కప్పులు ఖాళీ చేశారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో లెక్చరర్ నవ్వాడు. ఉచితంగానే.

ఆ తర్వాత నలభై రోజులు హాయి. పాఠకులారా, ఎంత హాయి అనుకున్నారు! పంపు మరమ్మతు ఉందని గ్రూప్‌లో అందరికీ తెలుసు, నాకు తెలియదు. తలకు సబ్బు పెట్టుకుని ముప్పావు గంట నిలబడ్డాను. ఆత్మపరిశీలనకు ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా? దోమల పొగ పెడతారని కూడా తెలియదు. తలుపు తీసి ఉంచాను. పొగంతా నా ఇంట్లోకే వచ్చింది. ఇప్పుడు నన్ను దోమలు కూడా వెలివేశాయి. తలుపెందుకు తీసి ఉంచానంటారా? గాలి కోసం.

నలభై రోజుల్లో ఆ తలుపులోంచి గాలి తప్ప ఇంకేమీ రాలేదు.

నలభై ఒకటో రోజున లిఫ్ట్ ఆగింది. లోపల లెక్చరర్. సాయం చేయమని గ్రూప్‌లో రాశాడట. ముప్ఫై తొమ్మిది మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారట. ఒకరు ‘ధైర్యమే సగం బలం’ అన్నారట. బిల్డింగ్‌లో లిఫ్ట్ తెలిసినవాడు ఒక్కడే. వాడు గ్రూప్‌లో లేడు. దబదబమని బాదుతుంటే విని, పాత తాళంచెవి పట్టుకెళ్ళి తలుపు తీశాను. పని మూడు నిమిషాలు.

“థాంక్స్ బాబాయ్ గారూ,” అన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. “మీరు గ్రూప్‌లో ఉండాలి. తప్పకుండా ఉండాలి.”

అరగంటలో నన్ను మళ్ళీ చేర్చారు. చూశారా, ఉపకారానికి ఎంత అపకారం! అందరూ బొటనవేళ్ళు పెట్టారు. నలభై ఏడు బొటనవేళ్ళు వచ్చాయి. ఒక్క మనిషి రాలేదు.

మర్నాడు పొద్దున్నే పనిలో దిగాను. గులాబీలకు జవాబులు రాశాను. చాలలేదు. ‘ధైర్యమే సగం బలం’ అన్నవారిని, మిగతా సగం మెట్ల మీద నడిచి రావడానికి ఎందుకు సరిపోలేదని అడిగాను. కుటుంబంలో నలభై ఎనిమిది ఇళ్ళున్నాయి, వాటిలో ఎన్ని గుమ్మాలు దాటారో చెప్పమన్నాను. మధ్యాహ్నానికి తీసేశారు.

సోఫా దులిపాను. బిస్కెట్లు తెచ్చాను. చక్కెర డబ్బా కళ్ళెదుట పెట్టుకున్నాను. పన్ను నిజంగానే నొప్పి పెడుతోంది, చూపిద్దామనుకున్నాను. నాలుగు కప్పులు కడిగి బోర్లించాను.

ఆరు గంటలకు ఫోన్ మోగింది. సెక్రటరీ మెసేజ్. ‘కమిటీ సభ్యుల సమయాభావం వల్ల నియమం 17 తొలగించడమైనది. ఇకపై సమాచారం మెసేజ్ ద్వారా మాత్రమే.’ కింద ఒక గులాబీ. మంగళవారం గులాబీయే.

నన్ను వెలివేయడం వాళ్ళ హక్కు. రెండుసార్లు కాదు, ఇరవైసార్లు వేయమనండి. కానీ ఆ నియమం నాది కాదు. ఆవిడది. ఆవిణ్ణి తీసేసేటప్పుడు ముగ్గురూ వచ్చి, కూర్చుని, నోటితో చెప్పాలి.

నాకేం కోపం లేదు. లిఫ్ట్ పాతది. ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం మీద ఏ లిఫ్ట్ ఎప్పుడు ఆగుతుందో చెప్పగలను. ఇది వచ్చే ఆదివారం సాయంత్రం, కమిటీ మీటింగ్ అయ్యాక, ముగ్గురూ ఎక్కాక, మూడో అంతస్తులో, నా గుమ్మానికి ఎదురుగా ఆగుతుంది.

కప్పులు ఇంకా బోర్లించే ఉన్నాయి.