ఐదో భాగంలో లేని మాట

ఆ ఆదివారం కల్పలత వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదిన్నరకల్లా ఉప్మా అయిపోవాలి. పదింటికి రాజబాబు రావాలి. మధ్యాహ్నం భోజనాల లోపు ఆరేళ్ల తగాదా తేలిపోవాలి.

కల్పలత కార్ఖానా ఏరియాలో ఒక బడిలో ఫిజిక్స్ చెబుతుంది. విజయనగరం నుంచి వచ్చిన రాజబాబు అదే బడిలో లెక్కలు చెబుతాడు. ఇద్దరికీ ఉన్న ఉమ్మడి జబ్బు ‘ఓరెల్లా’ అనే వీడియో గేమ్. పాతికేళ్లలో తొమ్మిది భాగాలు వచ్చాయి. మంత్రగాళ్లు, మునిగిపోయిన ఊళ్లు, చేతిలో దీపంతో తిరిగే ఒక బాటసారి, ఇదీ కథ. ఏడో భాగం చెత్త అన్న విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. అన్నిటిలోకీ గొప్పది ఏది అన్న దగ్గరే స్టాఫ్‌రూమ్‌లో టీలు చల్లారిపోయేవి. రాజబాబుది మూడో భాగం, కల్పలతది ఐదు. చివరికి ఆమె ఇంట్లో కూర్చుని, రెండూ పక్కపక్కన ఆడి తేల్చుకుందామని ఒప్పందం చేసుకున్నారు.

మూడు రోజులుగా ముసురు పట్టింది. వాళ్ల వీధి చివర ప్రహరీ దాటితే కాప్రా చెరువే. ఆ పొద్దున చెరువు మీద పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, జమ్ముగడ్డి ఒడ్డు దాటి వీధిలోకి నడిచి వస్తున్నట్టుంది. కుక్కలు కూడా మొరగడం మానేసి అరుగుల కింద దూరాయి.

ఉప్మా కలుపుతుండగా గేటు చప్పుడైంది. పక్కింటి గంగాదేవి గొడుగు కింద నిలబడి ఉంది. భర్త వరహాలబాబుతో ఆమె ఆ ఇంట్లో దిగి ఎనిమిది రోజులే అయింది.

“ఏటమ్మా, చెరువు వైపు నుంచి మీకేమైనా వినబడుతుందా? పొద్దున్న ఆరు నుంచీ ఎవరో మూలుగుతున్నట్టుంది.”

“కప్పలు ఆంటీ. వానలు పడితే గట్లనే ఒర్లుతయ్.”

“కప్పలు ‘అమ్మా’ అంటాయేటమ్మా?”

లోపల్నుంచి మాడు వాసన వచ్చింది. “జెర ఆగుండ్రి ఆంటీ, మళ్ల మాట్లాడుదాం” అని కల్పలత వంటింట్లోకి పరుగెత్తింది. మళ్లీ వచ్చి చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. ఆమె కూడా మరిచిపోయింది.

రాజబాబు పది దాటాక తడిసిన బూట్లతో వచ్చాడు. కల్పలత భర్త రైల్వే డ్యూటీ మీద కాజీపేట వెళ్లాడు. అత్త దేవమ్మ హాల్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. తగాదా ఉప్మా ప్లేట్ల దగ్గరే మొదలైంది.

“మూడోదాంట్లో మ్యాపే ఉండదు మేడం. దారి కావాలంటే ఊళ్లో మనుషుల్ని అడగాల. పడవవాడు మనల్ని గుర్తుపెట్టుకుంటాడు. మా అన్నయ్యా నేనూ ఒకే సిస్టమ్ మీద ఆడేం. వాడు కత్తి, నేను దీపం. ఇప్పటికీ ఆ పడవ పాట వింటే వాడికి ఫోన్ చేస్తాను.”

“మూడోది మంచిదే సార్, కాదంటలేను. కని అది భయపెట్టది. ఐదోదాంట్ల చెరువుల ఒకామె ఉంటది. అరవది, ఉరకది. నిలవడి చూస్తది, అంతే. మా నాయిన దవాఖాన్ల ఉన్నప్పుడు వరండాల కూసొని చిన్న స్క్రీన్ మీద ఆడిన. నాతోని మేల్కొని ఉన్నది ఆమె ఒక్కతే.”

దేవమ్మ తలెత్తకుండానే తీర్పు చెప్పేసింది. “మీ ఇద్దరికి ఆటనే సమజ్ కాలే. నాలుగోది మంచిగుంటది. అండ్ల ఎవుసం ఉన్నది, దున్నుడు, నాటుడు అన్నీ.”

ముందు ఐదో భాగంలోని చెరువు ఘట్టం చూద్దామనుకున్నారు. ల్యాప్‌టాప్‌లోని బొమ్మను పెద్ద టీవీ మీదకు పంపడానికి కల్పలత జాబితా తెరిచింది. ఒకే టీవీ పేరు రెండుసార్లు కనిపించింది. పక్కింటివాళ్లకు ఇంటర్నెట్ ఇంకా రాలేదని తన వైఫై పాస్‌వర్డ్ ఇచ్చింది ఆమే. ఏ టీవీ కొనమంటావని అడిగితే తన ఇంట్లో ఉన్నదే కొనమని చెప్పిందీ ఆమే. ఈ రెండు మంచి పనులూ ఆ క్షణాన గుర్తుకు రాలేదు. కంప్యూటర్‌కు చాదస్తం అనుకుని మొదటి పేరు నొక్కింది. కనెక్ట్ అయిందని వచ్చింది. టీవీ మాత్రం నల్లగానే ఉంది.

“కొంచెం టైమ్ తీసుకుంటది” అంది కల్పలత.

“సౌండ్ కూడా పోయిందేటి?”

“పెంచుండ్రి సార్.”

రాజబాబు వందకు పెంచాడు. టీవీ వచ్చేదాకా ల్యాప్‌టాప్‌లోనే చూద్దామని ఇద్దరూ దగ్గరికి జరిగారు. బూడిదరంగు నీళ్లు. నడుం లోతులో ఒక ఆడమనిషి, ముఖమంతా కప్పేసిన జుట్టు. తన పేరు మరిచిపోయానని, నువ్వే చెప్పమని ఆమె బాటసారిని అడుగుతుంది. ఏ పేరు టైపు చేస్తే అదే ఆమె పేరు.

“మీరే పెట్టుండ్రి సార్.”

“నీళ్లలో ఉంది కదా మేడం. గంగ అని పెడదాం.”

ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే తెర మీద పడింది. జుట్టు నెమ్మదిగా తొలగింది. తెల్లటి ముఖం, రెప్ప కొట్టని కళ్లు. ‘అవును. నేను గంగను. నన్నెవరైనా పిలిచి ఎంతకాలమైంది’ అన్న మాటలు అడుగున వచ్చాయి. దీపం కదిపేదాకా ఆమె అలా సూటిగా చూస్తూనే ఉంటుంది.

“కదపకుండ్రి. ఎంతసేపు చూస్తదో మీరే చూడుండ్రి” అంది కల్పలత గర్వంగా.

అప్పుడే ఎక్కడో సన్నగా మొదలై, కిటికీ అద్దాలు అదిరేంతగా ఒక కేక వినిపించింది.

“సౌండ్ వచ్చింది మేడం!” అన్నాడు రాజబాబు సంతోషంగా.

“అది ఆటల్ది కాదు బిడ్డా, పక్కింటామెది” అంది దేవమ్మ.

కల్పలత గుమ్మంలోకి వెళ్లేసరికి వరహాలబాబు ఒక కాలికే చెప్పుతో గేటు పట్టుకుని వణుకుతున్నాడు. “అమ్మా! ఆపేసున్న టీవీ దానంతటదే వెలిగిందమ్మా. అందులో ఎవర్తో... మా ఆవిడ పేరే తన పేరని చెప్పుకుంటుందమ్మా!”

కల్పలత పక్కింటి హాల్లో అడుగుపెట్టేసరికి కాలనీ కార్యదర్శి బ్రహ్మచారి గుప్పిట్లో విభూతితో సిద్ధంగా ఉన్నాడు. గుమ్మం నిండా వీధి జనం. గది చీకటిగా ఉంది. టీవీలోంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు గోడలన్నిటినుంచీ వస్తున్నట్టుంది. గోడ సగం నిండిన ఆ తెల్లటి ముఖం ఎవరినీ చూడకుండా అందరినీ చూస్తోంది. గంగాదేవి దాని ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది.

ఏం జరిగిందో కల్పలతకు చూడగానే తెలిసిపోయింది. అయినా వీపు జలదరించింది. ఆ ముఖాన్ని ఎన్నిసార్లు చూసిందో లెక్కే లేదు గానీ, పరాయి ఇంట్లో, తాను పిలవకుండా వచ్చినట్టు ఎప్పుడూ చూడలేదు.

“అంకుల్, అది నా...” అనబోయింది.

“మాట్లాడొద్దు టీచరమ్మా! మాట్లాడితే మీదికొస్తది” అని బ్రహ్మచారి గుడ్లురిమాడు.

ఆమె పక్కకు జరిగి ఫోన్ తీసి, “సార్, జల్ది బంజేయుండ్రి!” అని రాజబాబుకు గొణిగింది. సరిగ్గా బ్రహ్మచారి విభూతి విసిరిన క్షణాన తెర నల్లబడింది. జనం ఒక్కసారిగా చేతులు జోడించారు. బ్రహ్మచారి తన చేతిని తానే తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ చేత్తో ఇన్నాళ్లూ మెయింటెనెన్స్ రసీదులు తప్ప ఏమీ రాయలేదు.

అవతల రాజబాబుకు ఆమె ఎందుకు ఆపమందో తెలియదు. టీవీ రావడం లేదనే కాబోలు అనుకున్నాడు. ఆపి, మళ్లీ ఆ మొదటి పేరే నొక్కి కలిపాడు. పక్కింట్లో తెర భగ్గున వెలిగింది. ఈసారి ఆమె ముందుకంటే నాలుగడుగులు దగ్గరగా ఉంది. అందరికంటే ముందు గుమ్మం దాటినవాడు బ్రహ్మచారి.

ఇక లాభం లేదని కల్పలత వీధి మధ్యలో నిలబడి గట్టిగా అరిచింది. “దయ్యం లేదు, ఏం లేదు! అది మా ల్యాప్‌టాప్‌ల ఉన్నది!”

వరహాలబాబు గుండె మీద చెయ్యేసుకున్నాడు. “మీ ల్యాప్‌టాప్‌లోకీ వచ్చేసిందా అమ్మా?”

ఆ మాటతో వీధిలో ఇంటింటా టీవీ ప్లగ్గులు పీకడం మొదలైంది. ఎవరో పిల్లల ఫోన్లు లాక్కుని బియ్యం డబ్బాలో పడేశారు. ఆమె ఎంత చెబితే అంత ముదిరింది. రేపు బడిలో తల్లిదండ్రుల గ్రూపులో తన పేరు ఎలా మారుమోగుతుందో కల్పలతకు అప్పుడే కనిపించింది.

అంతలో గంగాదేవి నెమ్మదిగా లేచి బయటికి వచ్చింది. కళ్లు అర్ధనిమీలితంగా ఉన్నాయి. గొంతు ఆమెది కాదేమో అన్నట్టు మారిపోయింది.

“చెప్పింది. నాకు చెప్పింది. చెరువులో తూము పక్కని, జమ్ములో, ఒక మగమనిషి ఉన్నాడంట. నీళ్లు నెత్తికెక్కేలోగా తియ్యకపోతే, ఇంటికొకర్ని తీసుకుపోతానంది.”

ఎవరూ కదల్లేదు. మరుక్షణం తాళ్లు, కర్రలు, టార్చిలైట్లు బయటికి వచ్చాయి. వీధంతా ప్రహరీ సందులోంచి చెరువు వైపు కదిలింది.

ల్యాప్‌టాప్ మూసేసి వచ్చిన రాజబాబు కల్పలత పక్కన నడుస్తూ గుసగుసలాడాడు. “మేడం, ఐదోదాంట్లో ఈ డైలాగుందా?”

“లేదు సార్.”

“మీరు మిస్సయ్యేరేమో.”

“పదకొండుసార్లు ఆడిన. తూము లేదు, మగమనిషి లేడు. ఆమె ఎవ్వర్ని తీస్కపోతనని అననే అనది.”

పొగమంచులో ముందు నడిచేవాళ్ల వీపులు కూడా కనిపించడం లేదు. బురదలో అడుగుల చప్పుడు, అప్పుడప్పుడు ఎవరిదో దగ్గు. నీళ్లు పాత గట్టు మీదకు ఎక్కుతున్నాయి. జమ్ము దగ్గరికి రాగానే అందరూ ఆగిపోయారు. లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది. బొంగురుగా, తెగిపోతూ.

“అమ్మా...”

అది కప్ప కాదు. కల్పలతకు పొద్దుటి మాట గుర్తొచ్చింది. చేతిలో టార్చితో ఆమే ముందుకు దూకింది. జమ్ము పాయలు తప్పించి చూస్తే, విరిగిన తూము రాళ్ల మధ్య కాలు ఇరుక్కుని, గడ్డం దాకా నీళ్లలో, నీలం పడిన పెదవులతో జకర్యా ఉన్నాడు. అవతలి ఒడ్డున సగం కట్టిన అపార్ట్‌మెంట్‌కు ముసలి వాచ్‌మన్ అతను. తెల్లవారుజామున అడ్డదారిన వస్తూ జారిపడ్డాడు.

ఆ తర్వాత ఎవరికీ దయ్యం గుర్తులేదు. సోఫాలోంచి లేవడానికే బద్ధకించే వరహాలబాబు ఛాతీ లోతు నీళ్లలోకి దిగి ముసలాయన తల పైకెత్తి పట్టుకున్నాడు. రాజబాబు, బ్రహ్మచారి కర్రలతో రాయిని పక్కకు ఒత్తారు. మిగతావాళ్లు తాడు లాగారు. ఒడ్డున పడుకోబెట్టాక జకర్యా అన్నది ఒక్కటే మాట. “పొద్దుగాల్నుంచి పిలుస్తున్న సార్. ఎవ్వలు రాకపాయె.”

అంబులెన్సులో వచ్చినాయన నీటిమట్టం చూసి, ఇంకో అరగంటయితే ఈ కేసు మాకు కాదు, మార్చురీకి వెళ్లేది అన్నాడు.

సాయంత్రానికి వాన వెలిసింది. జకర్యా కాలు విరిగిందిగానీ ప్రాణానికి ఫరవాలేదని ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. కల్పలత పక్కింటికి వెళ్లి, గంగాదేవి ఒక్కతే ఉండటం చూసి, చేతులు పట్టుకుని అంతా చెప్పేసింది. వైఫై, ఒకే పేరున్న టీవీలు, గంగ అని పెట్టిన పేరు, అన్నీ. “మాఫ్ చేయుండ్రి ఆంటీ. మిమ్మల్ని మస్తు పరేషాన్ చేసిన.”

గంగాదేవి టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. “తెలుసమ్మా.”

“తెలుసా?”

“మొదట రెండు నిమిషాలు నిజంగానే పైప్రాణాలు పైనే పోయేయి. తర్వాత తెర మూలన ‘కల్పలత ల్యాప్‌టాప్, చార్జింగ్ తక్కువుంది’ అని ఇంగ్లీషులో వచ్చింది. దెయ్యానికి చార్జింగేటి?”

“మరి తూము దగ్గర మనిషున్నడని ఆమె చెప్పిందంటిరి గద!”

“ఆవిడేటి చెప్తాది, నేనే చెప్పేను. పొద్దున్న మేడ మీద మరిచిపోయిన బట్టలు తియ్యడానికెళ్తే ఆ పక్కనుంచే వినబడింది. మా ఆయనకి చెప్తే కుక్క అన్నారు, చూపు టీవీ మీంచి తియ్యకుండా. బ్రహ్మచారిగారికి చెప్తే, చెరువు కాలనీ కిందకి రాదు, కాగితం మీద రాసివ్వండి అన్నారు. మీ గేటు దగ్గరికీ వచ్చేను...” అని ఆగిపోయింది.

“కప్పలని అన్న నేను” అంది కల్పలత తల దించుకుని.

“పోన్లెండమ్మా. నేను చెప్తే ఎవరూ కదల్లేదు. అందుకే ఆవిడ నోట్లో పెట్టేను. ఈ సంగతి మన మధ్యే ఉండనీయండి.”

మర్నాటి నుంచి వరహాలబాబు, భార్య ఒక్కసారి పిలిస్తే చాలు, టీవీ వైపు ఒక చూపు చూసి వెంటనే లేస్తున్నాడు.